కతోలిక సభయు తక్కిన క్రైస్తవ శాఖలును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నొక ప్రసంగము చేయుమని కార్యవర్గమువారు కోరిరి. భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టమును గైకొని నేను మాటలాడుదునని పలువురు తలచియుందురు. అట్టి ఆశతో వచ్చినవారు నన్ను మన్నింతురు గాక! నేటి విషయమును నాకిచ్చినవారు మన గ్రంథాలయ చదువరులే.

మన మతగ్రంథముల బీరువాలో రెండు తెలుగు బైబిళ్లు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఒకటి లావుది, ఒకటి సన్ననిది. ఒకే మతమునకు రెండు కొలతల గ్రంథమేల అని ఒక విద్యార్థి అడిగెను. మరికొన్ని దినములకు ఒక పెద్దమనిషి తన కుమార్తెకు వచ్చిన సంబంధమునుగూర్చి చెప్పుచు, “మాది ఆర్.సి.ఎం. గుడి, వారిది లూథరన్ చర్చి. కులమొక్కటే, దేవుడొక్కడే. ఇది స్వమతములోని సంబంధమందురా, పరమతముతోడి సంబంధమందురా?” అని ప్రశ్నించెను. మొదటి ప్రశ్న జిజ్ఞాసచే పుట్టినది. రెండవదానిపై ఒక పిల్ల బ్రతుకు ఆధారపడియున్నది. కావున ఊరకుండుట తగదని తోచినది.

నేను క్రైస్తవుడను కాను. ఈ మతచరిత్రను గ్రంథముల మూలమునను, ఇరుగుపొరుగువారి సాంగత్యము మూలమునను ఎరిగినవాడను. ఏ శాఖను పొగడుటకు గాని, ఏ శాఖను తెగడుటకు గాని ఇచ్చట నిలువలేదు. గట్టు తగవునకు పోయినవాడు ఉభయుల కాగితములు చూచి కొలత చెప్పవలెను గదా! నా ప్రయత్నమంతియే.

మొదట మన చెవికి వినబడుచున్న భేదమునే చూతము. కతోలికులు ‘జ్ఞానస్నాన’మందురు, ప్రొటెస్టెంటులు ‘బాప్తిస్మ’మందురు. వారు ‘సువిశేష’మన్నది వీరికి ‘సువార్త’. వారి ‘పవిత్రాత్మ’ వీరి ‘పరిశుద్ధాత్మ’. వారి ‘దివ్యసత్ప్రసాదము’ వీరికి ‘ప్రభు భోజనము’. వారు ‘శ్రీసభ’ యనగా వీరు ‘సంఘ’మందురు. వినువారికి ఇవి రెండు మతముల పరిభాషలుగ తోచును. మూలమైన గ్రీకు భాషయందు ఈ జంటలలో పెక్కింటికి మాట యొక్కటే. వేర్వేరు కాలములందు వేర్వేరు మిషనులవారు తెలుగుచేసికొనుటచే మాటలు రెండైనవి. మాటల భేదమును చూచి మతభేదమని భ్రమపడరాదు. అట్లని భేదమే లేదనుటయు సరికాదు. “అందరును ఒకటేలే” యనువాడును, “వారి మతము వేరు, వీరి మతము వేరు” అనువాడును ఇరువురును పొరబడుచున్నారు. వాస్తవము ఈ రెండింటి నడుమ ఉన్నది.

‘కతోలిక’ యను మాటకు ‘సార్వత్రిక’మని యర్థము. లూథరనులును, ఆంగ్లికనులును తమ విశ్వాసప్రమాణమున సార్వత్రిక సభను విశ్వసించుచున్నామని నేటికిని పలుకుదురు. కావున ఆ మాటపై ఎవరికిని తగవు లేదు. ఆ సార్వత్రిక సభ సంపూర్ణముగ ఎచ్చట ఉన్నది, దానికి పెద్ద ఎవరు అనునదే తగవు. రోమాపురి పీఠాధిపతియగు పోపుగారు అపొస్తలుడైన పేతురునకు వారసులనియు, వారితో ఐక్యముగ నున్నదే కతోలిక సభ యనియు కతోలికుల మతము. నేడు లోకమున వీరి సంఖ్య సుమారు 140 కోట్లు. అనగా క్రైస్తవులలో ఇంచుమించు సగము.

ఇక ఉమ్మడి ఆస్తి యెంతయో లెక్కింతము. ఒకే దేవుడు తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ యను మూడు వ్యక్తులుగ నున్నాడనుట, క్రీస్తు దేవుడును మానవుడునై యుండుట, ఆయన సిలువ మరణము, పునరుత్థానము, నూతన నిబంధనలోని 27 గ్రంథములు, పరలోక ప్రార్థన, నీటితో త్రిత్వనామమున జరుగు జ్ఞానస్నానము. ఇవి కతోలికులకును, ఆర్థోడాక్సులకును, ప్రొటెస్టెంటులలో ప్రధాన శాఖలన్నిటికిని సమానములు. క్రీ. శ. 325లో నైసియా పట్టణమున చేరిన మహాసభ నిర్ణయించి, 381లో కాన్స్టాంటినోపులు మహాసభ పూర్తిచేసిన విశ్వాసప్రమాణము వీరిలో అత్యధికులకు శిరోధార్యము. అన్నదమ్ములు పొలము పంచుకొని గట్లు వేసికొన్నను, పొలము నడుమనున్న బావిని పంచలేరు. అందరి కాలువలును దానినుండియే పారవలెను. ఈ ఉమ్మడి భాగమట్టిది.

మరి పంపకము లెట్లు జరిగెను? మొదటిది తూర్పున జరిగినది. 431లో ఎఫెసు మహాసభ తరువాత పారశీక దేశపు సభయు, 451లో కాల్సెడోను మహాసభ తరువాత ఐగుప్తు, ఆర్మీనియా, సిరియా, ఇథియోపియా సభలును క్రమముగ వేరైనవి. క్రీస్తునందలి దైవత్వ మానవత్వములను ఏ మాటలతో చెప్పవలెననునది వివాదము. గ్రీకు, సిరియా, కోప్తు భాషలవారు ఒకే మాటకు వేర్వేరు అర్థములు గ్రహించుటయు, రాజ్యముల కలహములును తోడై వివాదము పెరిగినది. పదునైదు శతాబ్దముల పిమ్మట, 1973లో ఐగుప్తు కోప్తు సభాధిపతి మూడవ షెనూదాగారును, పోపు ఆరవ పౌలుగారును తమ విశ్వాస మీ విషయమున ఒక్కటియేయని ప్రకటనపై సంతకములు చేసిరి. 1994లో అస్సీరియా తూర్పు సభతోడను అట్టి ప్రకటనయే జరిగినది. మాటల ముడి విప్పుటకు వేయిన్ని అయిదువందల ఏండ్లు పట్టినది!

రెండవది రోమాకును కాన్స్టాంటినోపులునకును కలిగిన ఎడబాటు. దీనివలన పశ్చిమమున కతోలిక సభయు, తూర్పున ఆర్థోడాక్సు సభయు నిలిచినవి. పవిత్రాత్మ తండ్రినుండి బయలువెడలునని ప్రాచీన ప్రమాణము. ‘కుమారునినుండియు’ అను ఒక్క మాటను పశ్చిమమువారు చేర్చిరి. 1014 నాటికి అది రోమాలోని పూజలోనికిని వచ్చినది. అందరును కలిసి వ్రాసిన దస్తావేజులో ఒకరే ఒక మాట చేర్చుట తగునా యని తూర్పువారి ఆక్షేపణము. ఆ మాట సత్యమే గదా యని పశ్చిమమువారి సమాధానము. ఒక్క మాటకింత కలహమా యని మనము నవ్వరాదు. తిరునామమునకు పాదముండవలెనా, వలదా యని వడగలై తెంగలైవారు న్యాయస్థానములకెక్కిన దేశము మనది.

1054 జూలై 16వ తేదీన కార్డినలు హంబర్టు కాన్స్టాంటినోపులులోని హగియా సోఫియా దేవాలయ పీఠముపై బహిష్కారపత్రము నుంచి వెడలెను. పాత్రియార్కు మైఖేలు కెరులారియసు తానును హంబర్టు బృందమును బహిష్కరించెను. ఇందొక చిత్రము గలదు. హంబర్టును పంపిన పోపు తొమ్మిదవ లియోగారు అంతకు మూడు మాసముల ముందే, ఏప్రిలులో, పరమపదించియుండిరి. ముక్తారునామా ఇచ్చినవాడు గతించిన పిమ్మట ముక్తారుడు చేసిన సంతకము చెల్లునా? చెల్లదని ఏ గ్రామపు లెక్కలవాడైనను చెప్పును. పైగా ఆ పత్రము పాత్రియార్కుపైనను, వారి అనుచరులపైనను వ్రాసినదే కాని తూర్పు సభ యంతటిపైనను కాదు. ప్రజల మనస్సులు నిజముగ విరిగినది 1204లో. ఆ యేట నాల్గవ సిలువ యుద్ధమునకై బయలుదేరిన పశ్చిమ సైనికులు తోటి క్రైస్తవుల నగరమైన కాన్స్టాంటినోపులును, అందలి దేవాలయములను దోచిరి. పత్రములవలన కలిగిన గాయములు మానవచ్చును. ఇండ్లు దోచినవాని ముఖము తరములు గడచినను మరపునకు రాదు.

ఆర్థోడాక్సులకును కతోలికులకును విశ్వాసమున మిక్కిలి సామీప్యము కలదు. సంస్కారములు ఇరువురికిని ఏడే. ఇరువురును మరియమాతను, పునీతులను గౌరవింతురు. ఇరువురిలోను బిషప్పుల పరంపర అపొస్తలులనుండి అవిచ్ఛిన్నముగ వచ్చినదని కతోలిక సభ అంగీకరించును. వారి గురువుల సంస్కారములు చెల్లునని చెప్పును. ప్రధాన భేదము పోపుగారి అధికారము. మొదటి గౌరవము రోమాదే యని తూర్పువారును ఒప్పుకొందురు; లోకమందలి సభలన్నిటిపైనను ప్రత్యక్షాధికారము కలదనుటను ఒప్పుకొనరు. 1870లో మొదటి వాటికను సభ, పోపుగారు తమ పీఠాధికారముతో విశ్వాస నీతి విషయములను నిర్ణయించి ప్రకటించునపుడు తప్పు చేయరని తీర్మానించుటచే ఎడము మరింత పెరిగినది.

మనవారికి సులభముగ తెలియునట్టి మరియొక భేదము పంచాంగము. ఈస్టరు పండుగ వసంత విషువత్తుగ ఎంచిన మార్చి 21కి గాని, దాని తరువాత గాని వచ్చు పూర్ణిమకు పిమ్మటి ఆదివారమున జరుగును. 1582లో పోపు పదమూడవ గ్రెగొరీగారు సంస్కరించిన పంచాంగమును పశ్చిమమువా రనుసరింతురు. ఈస్టరు గణనకు తూర్పు సభలు చాలవరకు పాత జూలియను పంచాంగమునే పట్టుకొనియున్నవి. రెండింటికిని ఇప్పుడు పదుమూడు దినముల ఎడము. స్మార్తుల ఏకాదశియు, వైష్ణవుల ఏకాదశియు ఒక్కొక్కమారు కలియునట్లు, 2025లో ఉభయుల ఈస్టరును ఏప్రిలు 20వ తేదీననే వచ్చినది. మరుసటి యేట మరల వారము దినములు ఎడమైనది.

మూడవ పంపకము జర్మనీ దేశమున మొదలైనది. సెయింటు పీటరు దేవాలయ నిర్మాణమునకై ధనము గ్రహించి పరిహారపత్రములను ఇచ్చుచుండిరి. కతోలిక సిద్ధాంతము ప్రకారము పరిహారపత్రము పాపక్షమాపణ కాదు. క్షమింపబడిన పాపమునకు మిగిలిన శిక్షలో తగ్గింపు. కాని బజారున ప్రచారము చేయువారు ఆ సూక్ష్మమును ప్రజలకు తెలుపలేదు. మార్టిన్ లూథరను గురువు 1517 అక్టోబరు 31వ తేదీన 95 వాదములను ప్రకటించెను. 1521లో పోపుగారు ఆయనను బహిష్కరించిరి. స్విట్జర్లాండున జ్వింగ్లీ, కాల్విను అనువారు ఇంకను దూరము నడచిరి. ఇంగ్లండున ఎనిమిదవ హెన్రీ రాజు 1534లో తానే ఆ దేశపు సభకు అధిపతి ననిపించుకొనెను; ఆంగ్లికను సభకు మూలమిదియే. ఆంగ్లికనులనుండి పదునెనిమిదవ శతాబ్దమున మెథడిస్టులు బయలుదేరిరి. బాప్తిస్టులు అంతకు పూర్వమే పదునేడవ శతాబ్దారంభమున ఏర్పడిరి.

లూథరు లేవదీసిన ప్రశ్నలు ముఖ్యముగ మూడు. మోక్షము దేవుని కృపచే విశ్వాసము మూలముగ మాత్రమే కలుగునా, సత్క్రియలకు అందు భాగము కలదా? మతమునకు ప్రమాణము గ్రంథమొక్కటియేనా, పరంపరాగత సంప్రదాయమును ప్రమాణమా? దేవునికిని భక్తునికిని నడుమ గురువుల అధికారమెంత? శాస్త్రవాదము లెరిగిన మనకు ఇవి క్రొత్తవి కావు. మార్జాలకిశోర న్యాయమని, మర్కటకిశోర న్యాయమని వైష్ణవులు చేసిన వాదముకూడ భగవంతుని కృపకును జీవుని ప్రయత్నమునకును గల సంబంధమునుగూర్చినదే.

కతోలిక సభ 1545 మొదలు 1563 వరకు ట్రెంటు నగరమున మహాసభ జరిపి, ఒక వంక ప్రొటెస్టెంటు సిద్ధాంతములను నిరాకరించెను. మరియొక వంక తన యింటిని చక్కజేసికొనెను. పరిహారపత్రములతో ధనార్జన నిషేధింపబడినది. గురువులకు విద్యాలయములు ఏర్పడినవి. పెద్ద బైబిలు, చిన్న బైబిలు అను ప్రశ్నకు సమాధానముకూడ ఇచ్చటనే కలదు. క్రీస్తు కాలమునకు ముందే యూదుల గ్రంథములు గ్రీకు భాషలోనికి పరివర్తింపబడెను. ఆ గ్రీకు సంపుటమున హీబ్రూ సంపుటమున లేని కొన్ని గ్రంథము లుండెను. తోబితు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథములు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరా పుత్రుని జ్ఞానగ్రంథము, బారూకు అను ఏడును, ఎస్తేరు దానియేలు గ్రంథములలోని కొన్ని భాగములును అట్టివి. లూథరు హీబ్రూ జాబితాను ప్రమాణముగ గైకొని వీనిని వేరుగనుంచెను. ట్రెంటు సభ 1546లో వీనిని వేదములోని వానినిగనే స్థిరపరచెను. కావున కతోలికులకు 73 గ్రంథములు, ప్రొటెస్టెంటులకు 66. ఎవరును దొంగతనముగ చేర్చినదియు లేదు, చింపినదియు లేదు. క్రీస్తు చరిత్రను చెప్పు నాలుగు గ్రంథములును రెండింటను సమానములే.

ఈ వాదములు పండితుల నోళ్లలోనే నిలిచియుండిన బాగుండెడిది. 1572లో పారిసున ప్రొటెస్టెంటులు ఊచకోత కోయబడిరి. ఇంగ్లండున ఒక రాణి కాలమున ప్రొటెస్టెంటులను దహించిరి. తరువాతి రాణి కాలమున కతోలిక గురువులను ఉరిదీసిరి. 1618 మొదలు 1648 వరకు జరిగిన ముప్పదేండ్ల యుద్ధము జర్మనీ పల్లెలను పాడుపెట్టినది. ప్రేమయే పరమధర్మమను గ్రంథమును ఉభయులును చంకనిడుకొనియే ఈ పని చేసిరి. రక్తము చిందినది ఒక పక్షమువారిదే యని చెప్పువాడు చరిత్రను సగమే చదివినవాడు.

మన దక్షిణ దేశమునకు వత్తము. కేరళమందలి సిరియను క్రైస్తవులు తోమా అపొస్తలుని తమ మూలపురుషునిగ చెప్పుకొందురు. పోర్చుగీసువారు వచ్చి, 1599లో ఉదయంపేరూరు సభ ద్వారమున వారి ఆచారములను లాటిను పద్ధతికి త్రిప్పజూచిరి. ఆ కినుక పెరిగి పెరిగి 1653లో మట్టాంచేరియందు వేలమంది సిలువను పట్టుకొని, ఆ గురువులకు లోబడమని శపథము చేసిరి. పిదప పలువురు రోమాతో కలిసిరి. తక్కినవారు అంతియొకయ పాత్రియార్కు పక్షమున చేరిరి. కతోలిక సభ ఈ యనుభవమునుండి నేర్చిన పాఠమొకటి కలదు: ఐక్యతకును ఏకరూపతకును భేదము కలదు. నేడు పోపుగారితో ఐక్యముగ నున్న సభలు లాటిను సభతో కలిసి 24. సీరో మలబారు, సీరో మలంకర సభలు అందులోనివే. వాని పూజాపద్ధతి వేరు, ధర్మశాసనము వేరు. కొన్ని తూర్పు సభలలో వివాహితులును గురువులు కావచ్చును. తెలంగాణమున 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనము, 2017లో మేత్రాసనముగ ఏర్పడిన శంషాబాదు పీఠము సీరో మలబారువి. హైదరాబాదు అగ్రపీఠము లాటినుది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు 2022లో కార్డినలు పదవి నందిరి. ఆ పదవి పొందిన తెలుగువారిలో వారే ప్రథములు.

తెలుగు నేలపై కతోలిక మతమును పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి జెసూట్ గురువులు వ్యాపింపజేసిరి. ప్రొటెస్టెంటులలో లండను మిషనువారు 1805లో విశాఖపట్టణమునకును, ఆంగ్లికనులు 1841లో మచిలీపట్టణమునకును, లూథరన్ బోధకుడు హయ్యరుగారు 1842లో గుంటూరునకును వచ్చిరి. బాప్తిస్టులు నెల్లూరు, ఒంగోలు సీమలందును, వెస్లీ మెథడిస్టులు మెదకు సీమయందును పనిచేసిరి. ఒకరి సీమలో మరియొకరు ప్రవేశింపరాదని ప్రొటెస్టెంటు మిషనులు తమలో తాము ఒడంబడిక చేసికొనిరి. కతోలికులు దానిలో చేరలేదు. ఈ సంగతి మీరు బాగుగ గమనింపవలెను. లూథరు వాదమును, వెస్లీ వాదమును, ట్రెంటు తీర్మానమును తూచి చూచి ఒక పక్షమును ఎన్నుకొన్న తెలుగు పల్లె బహుశః ఒక్కటియు లేదు. ఏ మిషను బండి మొదట ఏ యూరి పొలిమేరకు వచ్చెనో, ఏ దొర కరవునాడు అన్నము పెట్టి, బడి పెట్టి, మనుష్యునిగ చూచెనో ఆ మిషను పేరే ఆ పల్లెకు నిలిచినది. జర్మనీలో జరిగిన పంపకమునకు, ఇంగ్లండులో జరిగిన పంపకమునకు మన పల్లెలు సాక్షులు కావు. గట్లు మాత్రము మన పల్లెల నడుమ వెలసినవి.

ఈ బాధను మొదట గుర్తించినవారిలో దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు అగ్రగణ్యులు. వారు 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పైరి. 1919లో తరంగంబాడి సమావేశమునుండి దక్షిణ భారత సంఘైక్యమునకై పాటుపడిరి. ఆ ఐక్యము సిద్ధింపకముందే 1945లో గతించిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన చెన్నపట్టణమున ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సి.ఎస్.ఐ. సంఘముగ నేర్పడిరి. లూథరనులు, బాప్తిస్టులు వేరుగనే నిలిచిరి. ఏమైనను, విడిపోయినవారు మరల కలియగలరని లోకమునకు చూపినది మన దక్షిణ దేశమే.

కతోలిక సభ చాలకాలము ఈ ఐక్య ప్రయత్నములకు దూరముగ నుండెను. “వెడలిపోయినవారు తిరిగివచ్చుటయే ఐక్యము” అనునది 1928 నాటి పోపుగారి లేఖలోని తాత్పర్యము. పోపు ఇరువదిమూడవ జానుగారు కూర్చిన రెండవ వాటికను మహాసభ, 1964 నవంబరు 21వ తేదీన వెలువరించిన శాసనముతో లెక్క వ్రాయు పద్ధతియే మారినది. ఎడబాటునకు తప్పు ఉభయులయందును కలదని ఆ శాసనము ఒప్పుకొన్నది. జ్ఞానస్నానము పొందినవారందరును కతోలిక సభతో అసంపూర్ణమైనను నిజమైన బంధము కలవారేయనియు, వారు సోదరులేయనియు చెప్పినది. అంతవరకు ఖాతాలో ‘అన్యులు’ అని వ్రాసియున్న చోట ‘దాయాదులు’ అని వ్రాయబడెనన్నమాట.

పిదప పనులు వడిగా సాగెను. 1965 డిసెంబరు 7వ తేదీన పోపు ఆరవ పౌలుగారును, పాత్రియార్కు అథెనాగొరాసుగారును 1054 నాటి బహిష్కారములను సభాస్మృతినుండి తొలగించిరి. 1999 అక్టోబరు 31వ తేదీన ఆగ్స్‌బర్గు నగరమున కతోలికులును, లూథరన్ ప్రపంచ సమాఖ్యవారును మోక్షవిషయమున మూలసత్యములలో ఏకాభిప్రాయము ప్రకటించిరి. మోక్షము కృపవలననే కలుగుననియు, సత్క్రియలు దాని ఫలములనియు దాని సారాంశము. ఏ ప్రశ్నపై పశ్చిమ సభ చీలెనో ఆ ప్రశ్నకే సమాధానము కుదిరినది! 2006లో మెథడిస్టులును, తరువాత ఆంగ్లికనులును, 2017లో సంస్కృత సభలవారును దానికి సమ్మతించిరి. 2016లో పోపు ఫ్రాన్సిసుగారు స్వీడను దేశమందలి లుండు నగరమున లూథరనులతో కలిసి ప్రార్థించిరి. 2025లో నైసియా సభకు 1700 ఏండ్లు నిండగా, నవంబరు 28వ తేదీన పోపు పదునాల్గవ లియోగారును, పాత్రియార్కు బర్తొలొమయిగారును ఆ స్థలముననే, నేటి ఇజ్నికు పట్టణమున, కలిసి ప్రార్థన చేసిరి.

ఇంతమాత్రమున గట్లన్నియు చెరిగినవని తలపరాదు. దివ్యసత్ప్రసాదమున క్రీస్తు సాన్నిధ్యము, బిషప్పుల పరంపర, పోపుగారి అధికారము, స్త్రీలకు గురుపట్టము అనునవి నేటికిని తేలని విషయములు. ఆంగ్లికనుల గురుపట్టములు చెల్లవని 1896లో పోపు పదమూడవ లియోగారు ప్రకటించిన తీర్పు రద్దుకాలేదు. కావుననే కతోలికులు, ప్రొటెస్టెంటులు సామాన్యముగ ఒకే పీఠమునొద్ద ప్రసాదమును స్వీకరింపరు. మరియమాతకు చేయు గౌరవము మరియొకటి. ఫిబ్రవరి మాసమున గుణదల కొండకు లక్షలమంది పోవుదురు. ఆరాధన దేవునికే, మాతకు గౌరవము, విన్నపము మాత్రమే యని కతోలికుల వివరణము. ఆ విన్నపమునకును ఆధారము లేదని ప్రొటెస్టెంటుల వాదము. బాప్తిస్టులు, పెంతెకొస్తువారు శిశుస్నానమును అంగీకరింపక, తమలో చేరువారికి మరల బాప్తిస్మమిత్తురు. మొదటిదానిని చెల్లనిదిగ ఎంచుట తక్కిన శాఖలవారికి కష్టముగ తోచును.

ఇపుడు ఆ వివాహ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. 1983 నాటి కతోలిక ధర్మశాసనము ప్రకారము, కతోలిక వధువు జ్ఞానస్నానము పొందిన లూథరన్ వరుని పెండ్లాడుటకు బిషప్పుగారి ‘అనుమతి’ కావలెను. జ్ఞానస్నానము పొందనివానిని పెండ్లాడుటకు కావలసినది ‘మినహాయింపు’. లెక్కలు చూచువారికి ఈ రెండు మాటల తారతమ్యము తెలియును. అడ్డంకి యున్నచోట మినహాయింపు. త్రోవ యున్నచోట అనుమతి. కావున ఇది పరమతముతోడి సంబంధము కాదు. ఇరువురి జ్ఞానస్నానమును ఒకటియే యగుటచే ఆ వివాహము సంస్కారమే యగును. వరుడు మరల స్నానము చేయవలసిన పని లేదు, మతము మార్చుకొనవలసిన పనియు లేదు. తన విశ్వాసమును విడువననియు, పిల్లలకు కతోలిక జ్ఞానస్నానము నిప్పించుటకు తన శక్తికొలది ప్రయత్నింతుననియు వధువు మాట ఇయ్యవలెను. ఆ సంగతి వరునకు ముందుగ తెలుపవలెను. వివాహము కతోలిక గురువునెదుట జరుగవలెను. తగిన కారణమున్నచో బిషప్పుగారి మినహాయింపుతో లూథరన్ చర్చిలోను జరుగవచ్చును. ఇంత త్రోవ యుండగా, తెలియకపోవుటచే సంబంధములు చెడగొట్టుకొనుటయు, పిల్లలు ఇల్లు విడిచిపోవుటయు, ఒక యింట రెండు చావులకు రెండు వర్గములుగ నిలుచుటయు ఎంత శోచనీయము!

మహాజనులారా! ఈ చరిత్రయందు నాకు తోచిన సారాంశమును విన్నవించి విరమింతును. మతములను విడదీసినది భేదాభిప్రాయ మొక్కటియే కాదు. ఒకరి మాటను మరియొకరు వారి గ్రంథములలో చదువకుండుట దానికి తోడైనది. తిరిగి దగ్గర చేసినదియు పండితులు ఏండ్ల తరబడి ఒకే బల్లచుట్టును కూర్చుండి, ఎదుటివాని పుస్తకమును విప్పి చదువుటయే. హరిహరులకు భేదము లేదని హరిహరనాథునకు భారతమును అంకితమిచ్చిన తిక్కన సోమయాజి పుట్టిన భాష మనది. మనకీ పని క్రొత్త కారాదు.

గ్రంథాలయమున్నది ఇందులకే. ఇచ్చట పెద్ద బైబిలును చిన్న బైబిలును ఒకే అరలో నుండును. గీతయు, ఖురానును వాని ప్రక్కనే యుండును. ఏటేట జనవరి 18 మొదలు 25 వరకు లోకమందలి క్రైస్తవ శాఖలు ఐక్యము కొరకు ప్రార్థనవారము జరుపుకొనును. ఆ వారమున మన ఊరి రెండు గుడుల పెద్దలును ఒక సాయంకాలము ఈ చావడికి వచ్చి, తమ తమ విశ్వాసములను తమ నోటనే మనకు వినిపింపవలెనని కార్యవర్గము తరఫున ప్రార్థించుచున్నాను. కుర్చీలు మనవి, దీపము మనది. వినుటకు మనమందరము కలము. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ ఇట్టి సాయంకాలములతో శతవర్షములు వర్ధిల్లుగాక!